కొత్త సిలిండర్ పెట్టగానే ఫోర్క్‌లిఫ్ట్ ఆగిపోతోంది, జాయింట్ దగ్గర మంచు పడుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

నాయుడుపేట_కుర్రోడు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది నాయుడుపేట. చెన్నైలో రెడ్‌హిల్స్ దాటాక జీఎన్‌టీ రోడ్డు మీద ఒక పేపర్ రీళ్ల గోడౌన్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేస్తున్నాను. చదివింది బీకాం. స్టాక్ లెక్కలంటే చెప్పగలను గానీ ఇంజన్ల సంగతి నాకు తెలియదు. కాబట్టి కొంచెం అర్థమయ్యేలా చెప్పండి.

ఇన్నాళ్లూ మా దగ్గర రీళ్లు ఎత్తడానికి రెండు బ్యాటరీ బండ్లే ఉండేవి. రెండు నెలల కింద లోడ్లు పెరిగి, మేనేజర్ ఒక మూడు టన్నుల ఎల్‌పీజీ ఫోర్క్‌లిఫ్ట్ అద్దెకు తెప్పించారు. వెనకాల కౌంటర్‌వెయిట్ మీద, అంటే బండి ముందుకు ఒరగకుండా పెట్టే ఇనుప దిమ్మ మీద, సిలిండర్ అడ్డంగా పడుకుని ఉంటుంది. బండి దింపిన రోజు అద్దె కంపెనీ మనిషి వచ్చి పది నిమిషాలు చూపించి వెళ్లిపోయాడు. ఆ పది నిమిషాలూ నేను డాక్ దగ్గర, లారీలకు లోడు ఎక్కించే చోట, ఒక డ్రైవర్‌తో గేట్ పాస్ గొడవలో ఉన్నాను. చూసింది మా ఆపరేటర్ ఒక్కడే. ఆయనది తిరువళ్ళూరు, పదిహేనేళ్ల అనుభవం, కానీ అంతా డీజిల్, బ్యాటరీ బండ్ల మీదే.

సమస్యలు ఇవీ.

నిండు సిలిండర్ మార్చాక కొన్నిసార్లు బండి స్టార్ట్ అయిన అర నిమిషానికే ఆగిపోతుంది. మళ్లీ కీ తిప్పితే పట్టుకోదు. ఇంకొన్నిసార్లు స్టార్ట్ అవుతుంది, ఖాళీగా బాగానే తిరుగుతుంది, రీలు ఎత్తగానే నీరసపడి ఆగుతుంది. అలాంటప్పుడు చూస్తే సిలిండర్ ఒళ్లంతా చెమట పట్టి నీళ్లు కారుతుంటాయి. ఆపరేటర్ ఏమో గ్యాస్‌లో నీళ్లు కలిపి ఇస్తున్నారంటాడు.

రెండోది, పైపు బిగించే చోట తెల్లగా మంచు పేరుకుంటోంది. సన్నగా సుయ్‌మని శబ్దం. ఆపరేటర్ పైప్ రెంచ్ తెచ్చి ఇంకో అర చుట్టు బిగిస్తాడు. అప్పటికి ఆగుతుంది, తర్వాతి మార్పుకి మళ్లీ మొదలు.

ఈ పోస్ట్ పెట్టడానికి అసలు కారణం మూడోది. మొన్న సోమవారం నైట్ షిఫ్ట్‌లో పైపు ఊడదీస్తుంటే గ్యాస్ బుస్సున చిమ్మింది. హెల్పర్ కుర్రాడికి రెండు వేళ్లు తెల్లగా మైనంలా అయిపోయాయి. వాడు మంటలు మంటలని గంతులు. చూస్తే నిప్పు లేదు, ఏమీ లేదు. వేళ్లకు నూలు గ్లౌజు ఉంది, అది తడిసి అంటుకుపోయింది. ఆపరేటర్ 'ఒణ్ణుం ఆగాదు సార్', ఏమీ కాదులెండి అంటూ వేళ్లు గట్టిగా రుద్దాడు. పొద్దున్నకు బొబ్బలు లేచాయి. డాక్టర్‌కు చూపించాం, ఇప్పుడు నయమే.

సిలిండర్ మార్చేది గోడౌన్ లోపలే, మూడో నంబర్ డాక్ పక్కన. అక్కడైతే లైటు బాగా పడుతుందని. రోజుకు రెండు మార్పులు. ఆ రోజు నుంచీ ఎవరు సిలిండర్ మీద చెయ్యి వేసినా నాకు టెన్షన్. సరైన పద్ధతి ఏమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

మాధవరం_మామ రాశారు:

తమ్ముడూ, ఆ ఫోర్క్‌లిఫ్ట్ సిలిండర్ల సప్లయి వాళ్లతో పెట్టుకుంటే ఇంతే. మా వీధి వెల్డింగ్ షాపు వాళ్ల బండికి హోటళ్లలో వాడే 19 కిలోల సిలిండర్ పడుకోబెట్టి కడతారు. అడాప్టర్ దొరుకుతుంది. చాలా ఏళ్లుగా నడుస్తోంది. గ్యాస్‌లో నీళ్లు కలుపుతారన్నది మాత్రం నిజమే అయ్యుండొచ్చు.

పాత_స్పానర్ రాశారు:

మాధవరం మామగారూ, మీరు పెద్దవారు, కోపగించుకోకండి. ఆ సలహా ఎవరూ పాటించకూడదు. ఎందుకో కింద చెప్తాను. ముందు కుర్రాడికి జవాబు.

నాది సూళ్ళూరుపేట. గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడలో మెయింటెనెన్స్‌లో చేరి ఇరవై రెండేళ్లు. పొద్దున లోకల్ ట్రైన్, రాత్రి లోకల్ ట్రైన్. ఇందులో పన్నెండేళ్లు గ్యాస్ బండ్లతోనే గడిచింది. నేనూ మొదట్లో మీ ఆపరేటర్ చేసినవన్నీ చేసినవాడినే, రుద్దడం ఒక్కటి తప్ప.

గ్యాస్‌లో నీళ్లు లేవు. ఆ చెమటే మీ జబ్బు ఏంటో చెప్తోంది.

వంటింటి సిలిండర్ నిలబడి ఉంటుంది, పై నుంచి ఆవిరి వస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ సిలిండర్ అలా కాదు. లోపల వంచిన గొట్టం ఒకటి ఉంటుంది. సిలిండర్‌ను పడుకోబెట్టినప్పుడు ఆ గొట్టం మూతి అడుగున, ద్రవంలో మునిగి ఉండాలి. అంటే బండి తాగేది ద్రవాన్ని. ఆ ద్రవం ఇంజన్ పక్కనున్న వేపరైజర్‌లోకి వెళ్లి, అక్కడ రేడియేటర్ నీళ్ల వేడికి ఆవిరై, అప్పుడు ఇంజన్‌లోకి పోతుంది. సరిగ్గా పడుకున్న సిలిండర్‌కు చెమట పట్టదు, ఎందుకంటే మరిగేదంతా వేపరైజర్‌లో జరుగుతుంది. మీ సిలిండర్‌కు చెమట పడుతోందంటే మరగడం సిలిండర్‌లోనే జరుగుతోంది. గొట్టం మూతి పైకి తిరిగి ఉంది, బండి ఆవిరి పీలుస్తోంది. ఖాళీగా తిరగడానికి ఆ ఆవిరి చాలుతుంది. రీలు ఎత్తాలంటే చాలదు. ఇంకా లాగితే సిలిండర్ చల్లబడిపోతుంది, మన చెన్నై గాలిలో తేమకి దాని ఒంటి మీద నీళ్లు కారతాయి. ఎండాకాలంలో చల్ల చెంబుకు పట్టినట్టు.

ఇప్పుడు మీరు వెళ్లి బ్రాకెట్ మీద ఒక చిన్న ఇనుప పిన్ను ఉందేమో చూడండి, చిటికెన వేలంత. సిలిండర్ కాలర్‌కి, అంటే వాల్వ్ చుట్టూ ఉండే చుట్టుకి, ఆ పిన్నుకు సరిపోయే కన్నం ఉంటుంది. పిన్ను ఆ కన్నంలో కూర్చుంటేనే సిలిండర్ సరైన వైపు తిరిగి ఉన్నట్టు. కూర్చోకపోయినా పట్టీ బిగుస్తుంది, అదే దాంట్లో ఉన్న మోసం. నాకు తెలిసి ఈ పని కొత్తగా మొదలెట్టిన ప్రతి చోటా మొదటి నెలలో ఈ తప్పు జరుగుతుంది. మా దగ్గర ఎవరో పిన్ను అడ్డమొస్తోందని గ్రైండర్‌తో కోసేశారు కూడా. మీ బండికి పిన్ను లేకపోతే అద్దె కంపెనీకి ఈ రోజే ఫోన్ చేయండి, పెట్టించేవరకు బండి నడపొద్దు.

బండి ఆగిపోవడం చిన్న కష్టం. పెద్దది ఇంకోటుంది. సిలిండర్‌కు ఒక సేఫ్టీ వాల్వ్ ఉంటుంది, లోపల ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని వదిలేస్తుంది. పిన్ను సరిగ్గా కూర్చున్నప్పుడు దాని లోపలి మూతి పైభాగంలో, ఆవిరి ఉన్న చోట ఉంటుంది. సిలిండర్ తిరగబడితే అది ద్రవంలో మునుగుతుంది. మే నెల ఎండలో యార్డ్‌లో నిలబెట్టిన బండి సేఫ్టీ వాల్వ్ ఒకవేళ తెరుచుకుంటే, ఆవిరికి బదులు ద్రవం చిమ్ముతుంది. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల ఆవిరి. లెక్క మీరే వేసుకోండి, బీకాం కదా.

మామగారి హోటల్ సిలిండర్ సంగతి ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది నిలబెట్టి ఆవిరి తీసుకోవడానికి చేసింది. లోపల ఆ గొట్టం ఉండదు, పిన్ను కన్నం ఉండదు. పడుకోబెడితే ఏది ఎప్పుడొస్తుందో అది ఎంత నిండుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలా ఏళ్లుగా నడుస్తోందంటే చాలా ఏళ్లుగా అదృష్టం బాగుందని. గోడౌన్ నిండా పేపర్ పెట్టుకున్నవాళ్లు గడ్డివాము పక్కన చిచ్చుబుడ్డి కాల్చకూడదు.

రెండో సంగతి, అర నిమిషంలో ఆగిపోవడం. అది వేరే జబ్బు. మీ ఆపరేటర్ వాల్వ్‌ను ఒక్క ఊపున తిప్పేస్తున్నాడు. అవునా కాదా? సిలిండర్ వాల్వ్ లోపల ఇంకో చిన్న ఏర్పాటు ఉంటుంది, పైపు తెగిపోతే గ్యాస్ మొత్తం బయటికి పోకుండా అడ్డం పడేది. గ్యాస్ ఒక్కసారిగా దూకితే పైపు తెగిందనుకుని అది టక్కున మూసుకుంటుంది. పైపులో ఉన్న కాస్త గ్యాస్‌తో బండి అర నిమిషం తిరిగి ఆగుతుంది. వాల్వ్ పూర్తిగా మూసి, కొంచెం సేపు ఆగి, మెల్లగా, చాలా మెల్లగా తెరవమనండి. చిన్న టిక్కు శబ్దంతో అది వెనక్కి పోతుంది. పదిహేనేళ్లు డీజిల్ బండి నడిపిన చేతికి మెల్లగా అనేది అలవాటు కావడం కష్టం, నాకు తెలుసు.

మంచు గురించి. మంచు ఎక్కడుందన్నది ముఖ్యం. వేపరైజర్ మీద మంచు కడితే రేడియేటర్‌లో నీళ్లు తగ్గాయని అర్థం, ఇంజన్ చల్లారాక చూసి పోయాలి. మీకు పైపు కలిసే చోట కాబట్టి అది లీకే. మన ఎల్‌పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీల కింద మరుగుతుంది. సూది మొనంత ద్రవం కారినా చుట్టూ మంచు కడుతుంది. పైపు కలిపే ఆ కప్లింగ్ చేత్తో బిగించడానికి చేసింది, రెంచ్ దాని దగ్గరికి రాకూడదు. లోపల ఒక రబ్బరు వాషర్ ఉంటుంది, దాన్ని ఓ-రింగ్ అంటాం. మీది నలిగిపోయి ఉంటుంది, లేదా ఊడి ఎక్కడో పడిపోయి ఉంటుంది. రెంచ్‌తో బిగించేకొద్దీ అది ఇంకా నలుగుతుంది, ఇత్తడి మరలు అరుగుతాయి. మీరు చెప్పిన ప్రతిసారీ మళ్లీ మొదలు అన్నది అందుకే. ఓ-రింగ్ మార్చండి. బిగించాక సబ్బు నీళ్లు రాయండి, బుడగ వస్తే లీకు. మా కుర్రాళ్లు ఒక పాత షాంపూ సీసాలో సబ్బు నీళ్లు పోసి బండికే వేలాడదీస్తారు.

హెల్పర్ వేళ్ల సంగతి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఇక్కడ చేతులు చలికి కాలతాయి. అలా అయితే రుద్దకూడదు. మంచు పెట్టకూడదు, వేడి నీళ్లు కూడా వద్దు. గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. అంటుకున్న గ్లౌజును పీకకూడదు, నీళ్లలో నానాక దానంతటదే వదులుతుంది. తర్వాత డాక్టర్. నూలు గ్లౌజులు ఈ పనికి వట్టి చేతుల కన్నా అధ్వానం, ద్రవాన్ని పీల్చి వేళ్లకే పట్టి ఉంచుతాయి. తోలువి, లేదా చలి పనికి చేసిన మందపాటివి కొనండి. కళ్లకు అద్దాలు కూడా.

అసలు అంత గ్యాస్ ఎందుకు చిమ్మిందంటే, పైపులో గ్యాస్ ఉండగానే ఊడదీశారు కాబట్టి. పద్ధతి ఇది: బండిని మార్చే చోటికి తీసుకెళ్లి ఫోర్కులు నేలకు దించి, బ్రేక్ వేసి, ఇంజన్ నడుస్తుండగానే సిలిండర్ వాల్వ్ మూసేయాలి. కీ ముట్టుకోవద్దు. పైపులో మిగిలిన గ్యాస్ తాగేసి ఇంజన్ తనంతట తానే ఆగుతుంది. ఆగాకనే కీ ఆపేయాలి. ఆ తర్వాత గ్లౌజులు వేసుకుని పైపు విప్పాలి. విప్పేటప్పుడు ఒక చిన్న తుస్సు మామూలే. అది ఆగకుండా వస్తుంటే వెంటనే మళ్లీ బిగించి, దూరం జరిగి, వాల్వ్ మూసుందో లేదో చూసుకోవాలి. సిలిండర్ ఖాళీ అయి బండి దానంతటదే ఆగిపోయినా ముందు వాల్వ్ మూయాల్సిందే. ఖాళీ అన్న సిలిండర్‌లోనూ గ్యాస్ ఉంటుంది.

నిండు సిలిండర్ ఇనుము, గ్యాస్ కలిపి 30 కిలోలు దాటుతుంది, నడుం ఎత్తు దాకా ఎత్తాలి. ఇద్దరు పట్టాలి. నేల మీద దొర్లించుకుంటూ తేవద్దు, వాల్వ్ దెబ్బతింటుంది.

చివరగా ఆ మూడో నంబర్ డాక్. నాకు మీ పోస్ట్‌లో అన్నిటికన్నా భయం వేసింది అక్కడ. డాక్ అన్నారు కాబట్టి లెవెలర్ కింద, అంటే లారీకి గోడౌన్ నేలకు మధ్య వేసే పలక కింద, గుంత ఉంటుంది కదా? ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, ఇంచుమించు ఒకటిన్నర నుంచి రెండింతలు. నీళ్లలాగా పల్లానికి పారుతుంది. మీరు నిలబడిన ఎత్తులో వాసన కూడా రాకపోవచ్చు, కింద గుంతలో మాత్రం నిండి ఉంటుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు, నిప్పురవ్వ కోసం చూస్తుంది. ఆ గుంతలో లెవెలర్ మోటారు, స్విచ్చులు ఉంటాయి. లైటు బాగుందని అక్కడ మారుస్తున్నారు, సరే, ఆ లైటు స్విచ్ ఎక్కడుందో కూడా చూడండి.

బయట మార్చండి. షెడ్ బయట, డ్రైనేజీ మూతలకు, గుంతలకు దూరంగా, బ్యాటరీ చార్జింగ్ చోటుకు ఇంకా దూరంగా. మీకు బ్యాటరీ బండ్లు ఉన్నాయి కాబట్టి అది మరిచిపోవద్దు.

నాయుడుపేట_కుర్రోడు రాశారు:

అన్నా, చాలా థ్యాంక్స్. మీ పోస్ట్ చదివి లంచ్ మానేసి బండి దగ్గరికి వెళ్లాను.

పిన్ను ఉంది. నల్లగా గ్రీజు పట్టి ఉండటంతో ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. సిలిండర్ కాలర్ కన్నం దానికి దాదాపు ఎదురువైపు ఉంది! పట్టీ మాత్రం గట్టిగానే ఉంది. పిన్ను తగలకుండా సిలిండర్‌ను ఒక అంగుళం వెనక్కి పెట్టి బిగిస్తున్నారట. అదేంటని అడిగితే 'అదు ఎదుక్కు సార్, సుమ్మా ఇరుక్కు' అన్నాడు ఆపరేటర్. ఊరికే ఉందిలెమ్మని. బయటికి తీసుకెళ్లి, మీరు చెప్పినట్టు గ్యాస్ తాగించి, ఇద్దరం పట్టి పిన్నులో కూర్చోబెట్టాం. కూర్చున్నప్పుడు టక్ మని తెలిసింది. తర్వాత వరుసగా నాలుగు రీళ్లు ఎత్తాడు, ఆగలేదు. చెమటా లేదు.

కప్లింగ్ లోపల ఓ-రింగ్ సగం తెగి ఉంది. అద్దె కంపెనీకి ఫొటో పంపాను.

గుంత మాటే నిజమన్నా. లెవెలర్ కింద మూడు అడుగుల లోతు ఉంటుంది. టార్చ్ వేసి చూస్తే అడుగున రెండు బీడీ ముక్కలు. ఎవరివో అడగలేదు, అడిగినా చెప్పరు.

రెండు డౌట్లు. ఒకటి, నిండు సిలిండర్లు ఎన్ని తెచ్చి పెట్టుకోవచ్చు? మేనేజర్ పది తెప్పించి స్టెయిర్‌కేస్ కింద పెడదామంటున్నారు. రెండోది, వర్షాలప్పుడు బయట మార్చడం ఎలా?

ఒరగడం_సేఫ్టీ రాశారు:

నేను ఒరగడంలో ఒక ప్లాంట్‌లో సేఫ్టీ ఆఫీసర్‌ని. పాత స్పానర్ గారు చెప్పినవాటికి నేను కలిపేది కొంచెమే.

స్టెయిర్‌కేస్ కింద వద్దే వద్దు, మేనేజర్ గారికి నా పేరు చెప్పి ఆపేయండి. బయటికి పారిపోయే దారి అది, పైగా గ్యాస్ చేరే పల్లం. ఎల్‌పీజీ ఒకచోట 100 కిలోల వరకే లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు, ఇది 2016 గ్యాస్ సిలిండర్స్ రూల్స్‌లో ఉంది. అది దాటితే పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే లైసెన్స్ కావాలి. సిలిండర్ మీద గ్యాస్ బరువు రాసి ఉంటుంది, దాంతో లెక్క వేయండి. 19 కిలోలవైతే ఐదు పెడితేనే 95. రోజుకు రెండు వాడేవాళ్లకు పది ఎందుకు? సప్లయి వాళ్లను రోజు విడిచి రోజు రమ్మనండి.

ఆ ఐదైనా నీడలో, గాలి ఆడే జాలీ పంజరంలో, వాల్వ్ మూసి, నిలబెట్టి, గొలుసు వేసి. ఖాళీవి వేరే వరుస. వెల్డింగ్ ఆక్సిజన్ సిలిండర్ అదే పంజరంలో ఉండకూడదు.

సిలిండర్ దిగేటప్పుడు మీ స్టాక్ అలవాటు ఇక్కడా చూపించండి. మీద ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి, టెస్ట్ గడువు అది. ఏ అంటే మార్చి వరకు, బి జూన్, సి సెప్టెంబరు, డి డిసెంబరు. సి-27 అంటే 2027 సెప్టెంబరు ఆఖరు వరకు. గడువు దాటినది లారీ మీద నుంచి దింపనివ్వొద్దు.

ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌లోకి గ్యాస్ ఎక్కించడం నేరం, ఎవరైనా చౌక అని ఇస్తే ఎక్కడిదో అడగండి. లీకు చేయి దాటితే అందరినీ బయటికి పంపి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా, దూరం వెళ్లి 1906కి ఫోన్ చేయాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే గ్యాస్ పోతుంది కదా అని చాలామంది ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వేస్తారు. రవ్వ ఆ స్విచ్‌లోనే పుడుతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు. బ్యాటరీ బండ్లకు పొగ రాదు, దీనికి వస్తుంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు, వాసన ఉండవు. నైట్ షిఫ్ట్‌లో షట్టర్లన్నీ దించేసి పని చేస్తారా? ఎవరికైనా తలనొప్పి, వికారం అని వింటే అజీర్తి అనుకోకుండా ముందు షట్టర్లు ఎత్తించండి. ఇంజన్ ట్యూనింగ్ ఎప్పుడు చేశారో అద్దె కంపెనీని అడగండి.

మాధవరం_మామ రాశారు:

సరేనయ్యా, ఒప్పుకున్నాను. ఈ సాయంత్రం ఆ వెల్డింగ్ షాపాయనకి ఇది చదివి వినిపిస్తాను. వింటాడో లేదో వాడి ఖర్మ.

పాత_స్పానర్ రాశారు:

మామగారూ, వినిపించండి. వినకపోతే వెల్డింగ్ నిప్పురవ్వలు ఎంత దూరం ఎగురుతాయో ఆయన్నే అడగండి, ఆయనకే బాగా తెలుసు.

కుర్రాడూ, వర్షం గురించి. ఒక రేకుల పందిరి చాలు, నాలుగు పక్కలా తెరిచి ఉండాలి. పక్కలకి టార్పాలిన్ కట్టారా, అది మళ్లీ గది అయిపోతుంది. నేల మాత్రం గోడౌన్ వైపు వాలి ఉండకూడదు. ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి, నీళ్లు ఎటు పారితే గ్యాస్ కూడా అటే.

గొలుసు మాట ఒరగడం సేఫ్టీ మేడమ్ చెప్పారు, దానికి నా అనుభవం ఒకటి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా యార్డ్‌లో నడుం లోతు నీళ్లు. పంజరానికి తలుపు ఉంది గానీ గొలుసు లేదు, తలుపు గడియ తుప్పు పట్టి ఊడింది. మూడో రోజు లోపలికి వెళ్లగలిగాం. సిలిండర్లు కాంపౌండ్ గోడ వారన గుమ్మడికాయల్లా తేలుతున్నాయి. ఖాళీవి తేలతాయని నాకు తెలుసు. నిండువి కూడా తేలతాయని ఆ రోజు చూశాను. తర్వాత కూర్చుని లెక్క వేస్తే అర్థమైంది, గ్యాస్ నీళ్లలో సగం బరువే. ఒకటి గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లి, పక్క టీ కొట్టు చూరు కింద ఇరుక్కుని కనబడింది. టీ కొట్టాయన దాన్ని తాడుతో స్తంభానికి కట్టి ఉంచాడు, పుణ్యాత్ముడు. అన్నిటినీ సప్లయి వాళ్లకు తిప్పి పంపేశాం, వాల్వ్‌లో బురద పోయినది వాడకూడదని. రెడ్‌హిల్స్ వైపు నీళ్లు ఎలా వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. గొలుసు వేయండి.

ఆపరేటర్ మీద కోపం తెచ్చుకోవద్దు. పది నిమిషాలు చూపించి పోయినవాడిది తప్పు. గేట్ పాస్ గొడవ పెట్టుకున్న మీదీ కొంచెం.

నాయుడుపేట_కుర్రోడు రాశారు:

నాదీ ఉందన్నా, ఒప్పుకుంటాను.

అప్‌డేట్. మేనేజర్‌కు మేడమ్ రాసింది తమిళంలో చెప్పాను. స్టెయిర్‌కేస్ ఆలోచన పోయింది, నాలుగు సిలిండర్లకు పంజరం ఆర్డర్ ఇచ్చారు. నైట్ షిఫ్ట్‌లో తలనొప్పి సంగతి అడిగితే ముగ్గురు చేతులెత్తారు. నెల రోజులుగా ఉందట, నిద్ర చాలక అనుకున్నారట. రెండు షట్టర్లు ఎత్తి ఉంచమన్నాం, దోమలని గొణుగుతున్నారు. ట్యూనింగ్‌కు, ఓ-రింగ్‌కు అద్దె కంపెనీ మెకానిక్ గురువారం వస్తున్నాడు. ఈసారి లారీ ఏ గేటు దగ్గర ఆగినా నేను కదలను.

బకెట్ నీళ్లు పోసి చూశాం. మేం పందిరి అనుకున్న చోట నీళ్లు నేరుగా మూడో డాక్ వైపే పారాయి. అవతలి పక్క, వాచ్‌మన్ గది దాటాక, వేప చెట్టు దగ్గర చోటు దొరికింది.

ఆపరేటర్ రెంచ్ నాకు అప్పగించాడు, అడక్కుండానే. పిన్నుకు, కాలర్ కన్నానికి తెల్ల పెయింట్ వేశాడు, రెండు తెల్ల చుక్కలూ కలిస్తే సరి అని హెల్పర్‌కు నేర్పుతున్నాడు. కౌంటర్‌వెయిట్ మీద, వాల్వ్ పైన, చాక్‌పీస్‌తో తమిళంలో పెద్దక్షరాలతో 'మెదువా', అంటే మెల్లగా అని రాసుకున్నాడు. నిన్నటి వానకు చెరిగిపోతే పొద్దున్నే వచ్చి మళ్లీ రాశాడు.